ముడుపు పెట్టెలో నా గొంతు

తిరుపతి,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు హేమకు,

అక్క ఆశీస్సులు. నువ్వూ మరదలు భువనేశ్వరీ బాగున్నారనుకుంటాను. ఈ రోజుల్లో కాగితం మీద రాసే అక్క నీకు వింతగా కనిపించవచ్చు. ఏం చేయను? ఎన్నిసార్లు చేసినా నువ్వు ఫోన్ ఎత్తవు. చివరికి ఊళ్ళో అందరిలాగే నీ కంపెనీ నంబరుకు చేశాను. అవతల ఎత్తింది ఎవరో తెలుసా? నేనే. "నమస్కారం. ముడుపుకు స్వాగతం. మీ పిలుపు మాకు ఎంతో ముఖ్యం. దయచేసి వేచి ఉండండి" అని నా గొంతే నాకు చెప్పింది. తర్వాత వీణ మోగింది. చాలాసేపు వేచి ఉన్నాను. మళ్ళీ నేనే వచ్చి వేచి ఉండమన్నాను. ఇంకెవరైనా అయితే నాలుగు తిట్టి పెట్టేసేదాన్ని. నన్ను నేను ఏమని తిట్టుకోను? అందుకే పెన్ను పట్టాను.

విషయం వరదమ్మది. మా బస్టాండు గేటు పక్కన పూలమ్ముతుంది. నీ పెట్టె పెట్టుకున్న మొదటివాళ్ళలో ఆమె ఒకతి. కొనేవాళ్ళు ఫోను చూపించి డబ్బు పంపగానే, పూలబుట్ట పక్కనున్న పెట్టె నా గొంతుతో "ఇరవై రూపాయలు ముట్టినాయి" అంటుంది. పొద్దున మొదటి బేరానికి ఆమె ఏం చేస్తుందో చూశావా ఎప్పుడైనా? పూర్వం బోణీ నోటును కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసేది. ఇప్పుడు చేతికి నోటు రాదు కదా! అందుకని ఆ పెట్టెనే రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు సిగ్గేసింది. తర్వాత గర్వం వేసింది. నా తమ్ముడు ఎంత ఎదిగాడో అనుకున్నాను.

ఇప్పుడు ఆమె బుట్ట ఖాళీ. పెట్టె మాత్రం ముట్టినాయి, ముట్టినాయి అంటూనే ఉంది. డబ్బు నీ కంపెనీ దాకా వస్తోంది, అక్కడి నుంచి ఆమె బ్యాంకుకు పోవడం లేదు. ముందు మర్నాటికల్లా పడేది. తర్వాత నాలుగు రోజులకు. ఈ నెలలో పడనే లేదు. మండీలో నిన్నటి బాకీ కడితేనే ఈ రోజు పూలు తూస్తారు. నిన్న నన్ను ఆపి అడిగింది. "ఉదయమ్మా, నువ్వే గదా ముట్టినాయి ముట్టినాయి అంటావుండేది. మరి యాడికి పోయినాయి?" అంది. తిట్టలేదురా, నిజంగానే అడిగింది. బస్టాండు మైకులో నేను ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందంటే జనం మూటలెత్తుకుని అక్కడికే పరిగెత్తుతారు. నా మాటను మళ్ళీ అడిగి తెలుసుకునే అలవాటు ఈ ఊళ్ళో ఎవరికీ లేదు.

నీకు గుర్తుందా, ఆ గొంతు రికార్డు చేసిన రోజు? చెన్నై నుంచి నువ్వు తెచ్చిన యంత్రాల గొంతులేవీ మన ఊరు నగరిలో పనికిరాలేదు. మరమగ్గాల మోతలో ఒక్క ముక్క వినబడలేదు. "మగ్గాలింట్లో పుట్టినోళ్ళకే అరవకుండా వినిపించడం వస్తుందక్కా" అని నన్ను పిలిచావు. నాయన షెడ్డులో మగ్గాలన్నీ ఆపేశాడు. పండక్కి కూడా ఆపని మనిషి. నేను "స్వీకరించబడినవి" అని చదవబోతే నువ్వు, "ఆ పుస్తకం మాటలొద్దు. మనోళ్ళు చెప్పుకునేటట్ల ముట్టినాయి అను" అన్నావు. కళ్ళు మూసుకుని విన్నావు. నీకు నచ్చేదాకా నా చేత పలికించావు. ఆ పట్టుదల చూసే నాకు నీ మీద నమ్మకం.

కంపెనీ పేరు కూడా ఆ ఇంట్లోంచి వచ్చిందే. దేవుడి పటం కింద పసుపుగుడ్డలో కట్టిన కొండ ముడుపు ఉండేది. అమ్మకు జబ్బు చేసి ఇంట్లో బియ్యం లేని రోజుల్లో నువ్వు దాన్ని చూపించి, "అది మన డబ్బే గదా నాయనా?" అన్నావు. "మనదేరా. గానీ మనం ముట్టుకునేది గాదు" అని నాయన పక్కింటికి అప్పుకు పోయాడు. పెద్దయ్యాక నువ్వు, "ఇంకొకరి డబ్బు నా చేతిలో ఉన్నంతసేపూ అది ముడుపే" అన్నావు. ఆ మాట పేపర్లో కూడా వేశారు. నాయన దాన్ని కత్తిరించి షెడ్డు గోడకు అంటించాడు.

హేమా, వాళ్ళ డబ్బు వాళ్ళకిచ్చేయి. అంతవరకు ఆ పెట్టెల్లోంచి నా గొంతు తీసేయి. రెండోది నాకు చెల్లించాల్సిన బాకీ అనుకో.

నీ మంచి కోరే
అక్క ఉదయ



బెంగళూరు,
బుధవారం.

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. రెండింటికీ టైం లేక మీటింగుకు వెళ్ళిపోయాను. చేత్తో రాస్తున్నాను, చూడు. నా అక్షరాలు ఇంకా కోడి కెలికినట్టే ఉన్నాయి.

ఫోన్ ఎత్తలేదని కోప్పడకు. ఎత్తితే నీతో అబద్ధం చెప్పాలి. కాగితం మీద అయితే ఆలోచించి నిజం చెప్పొచ్చు.

నిజం ఇది. డబ్బు ఎక్కడికీ పోలేదు, తిరుగుతోంది. కోయంబత్తూరు, హుబ్లీ, మైసూరు... ఒక్కో ఊళ్ళో పెట్టెలు ఉచితంగా ఇచ్చాం. ఇవ్వకపోతే మాకంటే పదింతల పెద్దవాళ్ళు వచ్చి ఇస్తారు. వాళ్ళకు వరదమ్మ పేరు కూడా తెలియదక్కా. ఆ ఖర్చుకు, మధ్యలో ఆగిన డబ్బును కాస్త వాడుకున్నాం. తప్పని నువ్వంటావు. ఒప్పుకోను. ఏరు పారుతుంటేనే ఏరు. నిలబడితే మడుగు. ముంబై నుంచి పెట్టుబడి వస్తోంది. కాగితాలు తయారయ్యాయి. సంతకం వచ్చేవారం. ఆ డబ్బు పడిన సాయంత్రమే అందరికీ పైసాతో సహా కట్టేస్తాను. అయితే ఈ లోపల ఎవరూ గోల చేయకూడదు. గోల మొదలైతే వాళ్ళు సంతకం పెట్టరు, అప్పుడు వరదమ్మకు ఏమీ రాదు. అర్థం చేసుకో. ఇప్పుడు నోరు విప్పేవాళ్ళే ఆమె నోటి దగ్గర కూడు తీసేసినట్టు.

ఇదంతా ఎవరి కోసం మొదలుపెట్టానో నీకు తెలుసు. ప్రతి శనివారం నాయన లుంగీల మూట మోసుకుపోతే, షావుకారు వసారాలో కూర్చోబెట్టి చివరికి ఏమనేవాడు? "రేపు రా మునిసామీ." నేను పక్కనే ఉండేవాణ్ణి. నాయన మెట్లు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకోకుండా దిగేవాడు, ముఖం నాకు కనిపించకూడదని. పని చేసినవాడి డబ్బు అప్పటికప్పుడు వాడికి ముట్టాలి అని ఆ రోజే అనుకున్నాను. ఇంజనీరింగు చదివినా, చెన్నై ఉద్యోగం వదిలేసినా, అప్పిచ్చేవాళ్ళ ముందు కోతిలా ఆడినా అందుకే. ఇప్పుడు నువ్వే నన్ను దొంగంటే నేనెక్కడికి పోను?

కాబట్టి ఒక్క సాయం. రేపు గురువారం ఈ ఉత్తరం రవిచంద్ర చేతే మీ ఇంటికి పంపుతున్నాను. నా దగ్గర మొదటినుంచీ ఉన్న కుర్రాడే, నీకు తెలుసు. నాలుగు వాక్యాలు తెస్తాడు, చదివి పెట్టు: "వ్యాపార మిత్రులకు మనవి. మీ డబ్బు క్షేమంగా ఉంది. కొత్త ఏర్పాట్ల వల్ల కొంత ఆలస్యం. వదంతులు నమ్మకండి." శుక్రవారం పొద్దున అన్ని పెట్టెలూ ఒకేసారి పలుకుతాయి. నేను చెబితే నమ్మరు. నువ్వు చెబితే నమ్ముతారు. ఇది పొగడ్త కాదు, మా సర్వేలో తేలింది.

ఈ ఒక్కసారి. తర్వాత నీ గొంతు తీసేస్తాను, ఒట్టు.

నీ తమ్ముడు
హేమ



తిరుపతి,
మంగళవారం.

హేమచంద్రకు,

ఫోన్ చేయకుండా మళ్ళీ కాగితమే ఎందుకంటే, ఫోన్లో మాట్లాడితే నా గొంతు ఇంకొంచెం నీ దగ్గర చేరుతుంది. ఉన్నది చాలు.

రవిచంద్ర వచ్చాడు. కాఫీ ఇచ్చాను. నువ్వు రాసిన వాక్యాలు చదివి, "ఆ డబ్బు ఉండాదా లేదా? అది చెప్పు ముందు" అని అడిగాను. గ్లాసు పక్కన పెట్టేశాడు. "నన్ను అడగొద్దక్కా. నాకు జీతమొచ్చి రెండు నెల్లయింది" అన్నాడు. నేను చదవను అన్నాను. బతిమాలతాడనుకున్నాను. "సరేక్కా" అని లేచి చెప్పులేసుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటా అని కూడా అనుకోలేదు, చూడు నా తెలివి! గెలిచాననుకుని ఆ పూట ఇష్టంగా అన్నం తిన్నాను.

శుక్రవారం పొద్దున డ్యూటీకి పోతూ వరదమ్మ దగ్గర ఆగాను. ఎవరి దగ్గరో చేబదులు తీసుకుని కాసిని మల్లెలు తెచ్చింది. మూర కొలుస్తుండగా పెట్టె పలికింది. "వ్యాపార మిత్రులకు మనవి. మీ డబ్బు క్షేమంగా ఉంది." నా గొంతు. నేను పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ పలకని మాటలు. "క్షేమంగా" దగ్గర నేను ఆగినట్టే ఆగింది. నేను ఊపిరి తీసుకునే చోటే ఊపిరి తీసుకుంది. పక్క టీ కొట్లో, ఎదురు బొమ్మల కొట్లో, వరసగా అన్నింట్లో నేనే మాట్లాడుతున్నాను. నడిరోడ్డు మీద నోరు మూసుకుని నిలబడిందీ నేనే. గొంతు పట్టుకుని చూసుకున్నాను, హేమా. నిజంగా పట్టుకుని చూసుకున్నాను.

రవిచంద్రకు ఫోన్ చేశాను. ఏడుపు గొంతుతో చెప్పాడు. "పాత రికార్డులన్నీ యంత్రానికి నేర్పించినామక్కా. ఇంక నువ్వు చదవాల్సిన పన్లేదు. నువ్వు చదివితే సరే, లేకుంటే ఇది వెయ్యమని అన్న ముందే చెప్పినాడు." ముందే! కూర్చుని కోడి కెలికినట్టు నాకు ఆ ఉత్తరం రాసేనాటికే ఆ యంత్రం గొంతు నీ దగ్గర సిద్ధంగా ఉంది. మరి ఎందుకురా బతిమాలావు? నేనే నోటితో పలికి నీ పాపంలో సగం మోయాలనా?

నేను వరదమ్మకు చెప్పాను. "అది నేను కాదు. నమ్మొద్దు. మీ డబ్బు వాడుకున్నారు" అన్నాను. ఆమె నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూసింది. "నువ్వు కాకుంటే ఎవురు పాపా? నీ గొంతు నాకు తెలీదా? రోజూ పొద్దున్నే కండ్లకద్దుకునేదాన్ని" అంది. తర్వాత నా చెయ్యి నిమిరి, "తమ్ముడితో యేమన్నా పేచీ ఉంటే ఇంట్లో సూసుకోండి. క్షేమంగా ఉండాదని నువ్వే అంటివి గదా, అంతే సాలు" అంది. నా ఎదురుగా నిలబడి, నన్ను కాదని నన్నే నమ్మింది.

అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. ఇప్పుడు నోరు విప్పితే వాళ్ళకు ఏమీ రాదన్నావు. నిజమే కావచ్చు. అయినా బస్టాండు లోపలికి పోయి మైకు ముందు కూర్చున్నాను. చిత్తూరు బస్సు చెప్పాను. నగరి మీదుగా తిరుత్తణి పోయే బస్సు చెప్పాను. ఈ ఊళ్ళో నా గొంతు ఇంకా నాదిగా ఉన్న చోటు అదొక్కటే. అక్కడే చెప్పాను. "నేను ఉదయలక్ష్మిని. ఈ పొద్దు ముడుపు పెట్టెల్లో మాట్లాడింది నేను గాదు. మీ డబ్బు క్షేమంగా లేదు. ఆ కంపెనీ నా తమ్ముడిది. పోయి అడగండి." తెలుగులో చెప్పాను, తమిళంలో చెప్పాను. మూడోసారి చెబుతుంటే సూపర్‌వైజర్ వచ్చి మైకు ఆపేశాడు. మధ్యాహ్నానికి నన్ను ఇక డ్యూటీకి రావొద్దన్నారు. వాళ్ళను తప్పుపట్టను. అది బస్సులు చెప్పుకునే మైకు.

తర్వాత జరిగింది నీకు తెలుసు. సాయంత్రానికి జనం పెట్టెలు పట్టుకొచ్చి నీ తిరుపతి ఆఫీసు తలుపు ముందు పడేశారు. తలుపుకు తాళం ఉంది. ముంబై వాళ్ళు వెనక్కి పోయారని భువనేశ్వరి ఫోన్ చేసి ఏడ్చింది. "నువ్వు ఒక్క వారం ఓపిక పడుంటే వదినా" అంది. ఆ మాటకు జవాబు చెప్పాల్సింది ఆ అమ్మాయికి కాదు. నీకు చెబుతాను. ఓపిక పట్టమని షావుకారు నాయనకు చెప్పేవాడు. రేపు రా అని వాడు తన నోటితో అనేవాడు. నువ్వు అదే మాట అందరికీ చెప్పావు, నా గొంతుతో. వాడే నయం.

నగరి పోయి నాయనకు చెప్పాను. మగ్గాల మోతలో ఆయన చెవిలో అరిచి చెప్పాల్సి వచ్చింది. అంతా విన్నాడు. గోడ మీది పేపరు ముక్కను గోటితో గీకి తీశాడు. సగం ఊడింది, సగం గోడకే ఉండిపోయింది. "కేసులు పెట్టనీ, జైల్లో వెయ్యనీ, అది వాడు పడతాడు. ముడుపనే ఆ పేరు మటుకు తీసెయ్యమని చెప్పు" అన్నాడు. చెప్పమన్నాడు కాబట్టి చెబుతున్నాను.

ఈ పొద్దున వరదమ్మ దగ్గరికి వెళ్ళాను. ముఖం చెల్లి కాదు, చెల్లకపోయినా చూపించాలని వెళ్ళాను. ఆమె ఇంకో మనిషిని అప్పడిగి బుట్ట నింపుకుంది. పెట్టె లేదు. అది ఉన్న చోట గల్లాపెట్టె మళ్ళీ వచ్చింది. రెండు మూరలు ఇవ్వమని, పర్సులోంచి యాభై నోటు తీసి చేతిలో పెట్టాను. బోణీ నాదే. కళ్ళకద్దుకుంటుందని చూశాను. నాకు ఆ ఆశ ఎందుకుండాలో తెలియదు, ఉండింది.

ఆమె ఆ నోటును వెలుగుకు ఎత్తి పట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. మంచిదేనని తేలాక గల్లాలో వేసి, పూలు ఇచ్చింది.

మునిస్వామి కూతురు
ఉదయలక్ష్మి