షేరు సలాం

ఆదివారం, పాల్వంచ క్వార్టర్స్

ఈ రోజు షేరును కిందపడేసింది నేనే. ఎవరితోనూ అనలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నలభై కిలోల కుక్క. తుంటి కీళ్లు అరిగిపోయాయి. "రోజూ మెల్లగ నడిపియ్యుండ్రి, ఎనక కాళ్ల మీద మాత్రం నిలబడనియ్యొద్దు" అని పశువుల డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి నా భార్య సుజాతే చూసుకుంటోంది. కాళ్లు జారకుండా గచ్చంతా గోనెసంచులు పరిచింది. పూటపూటా వేడి కాపడం పెడుతోంది. రెండు నెలలకు, మొన్ననే అది కాలనీ గేటు దాకా కుంటకుండా నడిచింది.

సాయంత్రం కొత్త ఇంజనీరు సారు ఇంటికొస్తున్నాడని, ఇల్లు గోదాంలా కనబడుతుందని, ఆ సంచులన్నీ నేనే తీసేశాను. టీ తాగుతూ ఆయన, "నీ కుక్క సలాం కొడతదంట గదా?" అన్నాడు.

నేను చెయ్యెత్తాను. షేరు వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. పంజా నుదుటికి ఆనించింది. మరుక్షణం నున్నటి గచ్చు మీద జారి, కుయ్యిమంటూ కూలబడింది.

"మందు గిట్ల పోసినవా ఏందయ్యా?" అని సారు నవ్వాడు. నేనూ నవ్వాను, ఆయనకంటే గట్టిగా.

ఆయన వెళ్లాక సుజాత ఒక్కటే అంది. "దానికి నొస్తదని నీకు తెల్వదా? తెలిసే చేసినవ్."

తెలుసు.

ఇందాక కాపడం గుడ్డ నేనే వేడి చేసి తెచ్చాను. తుంటి మీద పెడదామని చెయ్యెత్తాను. షేరు లేవలేక, పడుకున్నచోటే పంజా నుదుటి దాకా ఎత్తింది.