బి.ఎడ్. బదులు కౌన్సెలింగ్ చదువు

ఆదోని

నాయనా, ఇక్కడ నేను కులాసా. నువ్వు ఆశపడిన బి.ఎడ్.లో చేరడం లేదు. కౌన్సెలింగ్ సైకాలజీలో ఎమ్మెస్సీకి దరఖాస్తు పెడుతున్నాను.

నేను పాఠాలు చెప్పే బడిలో తొమ్మిదో తరగతి నాగవేణి నెలగా ఎవరితోనూ మాట్లాడలేదు. రోజూ అన్నం వేళ పక్కన కూర్చున్నాను. మొన్న ఆ పిల్ల, "మాయమ్మ సచ్చిపోయినాంక నోరు తెరిస్తే ఏడుపొస్తాది మేడమ్, అందుకే గమ్మునుంటాండా" అంది. "ఏడ్చుకో, నేనీడే ఉంటా" అన్నాను. చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత ఏం చెప్పాలో నాకు తెలియలేదు. అది నేర్చుకోవడానికే ఈ రెండేళ్లు.

డిగ్రీ మార్కుల మెమోలు అమ్మ చీరల పెట్టెలో ఉన్నాయి. దరఖాస్తుకు శనివారమే ఆఖరు, శుక్రవారంలోగా అందేట్టు రిజిస్టరు పోస్టులో పంపు. వానకు మగ్గం గుంతలోకి నీళ్లొచ్చాయా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఆదివారం ఎమ్మిగనూరు వస్తాను, తిట్టాలనుంటే ఎదురుగానే తిట్టు. మెమోలు మాత్రం ముందే పంపు.

మీ ఇద్దరికీ నమస్కారాలు.

శివలీల