పెద్దింటాయన కుర్చీలో అమ్మ

అమ్మా,

నేనే. నువ్వు వెళ్ళిపోయి పదకొండు నెలలైంది. బాగున్నావా అని అడగడానికి నోరు రావడం లేదు... అక్కడైనా నీళ్ళు దగ్గరలో ఉన్నాయా?

ముందు ఒక మాట ఒప్పుకుంటాను. ఆ కుర్చీ తెచ్చింది నేనే. నీకు తెలిసిందే. అయినా కాగితం మీద పెట్టకపోతే మిగతాది రాయలేను.

స్పెయిన్ నుంచి ఆ చిత్రకారిణి మన ఊళ్ళో దిగిన రోజు గుర్తుందా? స్పెయినమ్మ అని పేరు పెట్టింది నువ్వే. అనంతపురం సేవా సంస్థ వాళ్ళు జీపులో తెచ్చి బడి వెనక పాత గదిలో దించారు. వెంట ఒక దుబాసీ. బొమ్మలు ఉన్నవాళ్ళ గోడలకే పనికొస్తాయని నా రేకుపెట్టెలోని విప్లవ కరపత్రాలు చెప్పేవి. ఆ మాట ఆమె ముఖం మీదే అనేశాను. ఆమె కోప్పడలేదు. లావుపాటి పుస్తకం ఒకటి తెరిచింది. వాళ్ళ దేశపు పాత రాజులు, రాణులు. నల్లటి బట్టలు, మెడ చుట్టూ విస్తరాకంత తెల్లటి కుచ్చుల పట్టీలు, ఎత్తు కుర్చీలు. ఇన్ని వందల ఏళ్ళుగా ఈ కుర్చీల్లో వీళ్ళే కూర్చున్నారు, ఇప్పుడు నేను లేపుతాను అంది. అదే వెలుగు, అదే నలుపు, అదే కూర్చునే తీరు... కూర్చునే మనిషి మాత్రం మనలాంటి వాళ్ళలోంచి.

నా కరపత్రాల్లో ఏ ఒక్కటీ ఇంత సూటిగా చెప్పలేదమ్మా.

వజ్రకరూరు పొలాల్లో తొలకరికి వజ్రాలు వెతికేవాళ్ళలా ఆమె వారం రోజులు మన ఊరి ముఖాలన్నీ వెతికి నీ దగ్గర ఆగింది. నువ్వేమో, "ఈ ఎండిన మొగం గీసేకి అంత దూరం నుంచి రావల్లనా? వాళ్ళూర్లో ముసిలోళ్ళు లేరంటనా?" అని నవ్వావు. నలుపు కుదరడానికే ఆమెకు మూడు రోజులు పట్టింది. "మా పొయ్యి కాడికి రామ్మా, మసి దండిగా ఉండాది" అన్నావు. దుబాసీ ఆ మాట చెప్పగానే ఆమె పడీ పడీ నవ్వింది.

ఎత్తు కుర్చీ కావాలంది. ఊళ్ళో ఉన్నది ఒక్కటే. సగం పొలాలకు యజమాని అయిన పెద్దింటాయన తాతలనాటి టేకు కుర్చీ. వెళ్ళి వాకిట్లో నిలబడి, స్పెయిన్ ఆమె బొమ్మ వేయడానికి కుర్చీ అడిగింది అన్నాను. ఎవరి బొమ్మో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఈ ఊళ్ళో బొమ్మంటూ వేస్తే తనది కాక ఇంకెవరిది అని ఆయన ధీమా! నూనె పెట్టి తుడిపించి మరీ పంపాడు.

మర్నాడు మీసాలకు రంగేసుకుని, జరీ కండువా వేసుకుని ఆమె గదికి వచ్చాడు. కుర్చీలో నువ్వున్నావు. నెత్తిన బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు, ఒళ్ళో చెనిక్కాయలు ఒలిచే చేతులు.

ఆయన కనిపిస్తే మన వీధిలో ఎవరైనా లేచి నిలబడాల్సిందే. నీ మోకాళ్ళకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన విద్య. నువ్వు లేవలేదు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు... మా అమ్మ తిరగబడిందని నా గుండె ఉప్పొంగింది. తర్వాత అడిగితే ఏమన్నావు? "తిరగబడేదేముండాది రా! ఆయమ్మ కదలొద్దనింది. సరే అన్నెంక యెట్ల లేసేది?"

ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. బొమ్మ ముగిశాక కుర్చీ తిరిగిస్తే, వాకిట్లోనే కిరసనాయిలు పోయించి తగలబెట్టించాడు. మర్నాటి నుంచి ఆయన బోరు మన వీధికి మూత. పంచాయతీ బోరు ఆ ఏడే ఎండిపోయింది. మిగిలింది రెండు మైళ్ళ అవతల తోట బోరు.

బిందె చంకనెత్తుకుని, పెద్దింటాయన గొంతు తెచ్చుకుని, "ఏమే రాణెమ్మా, నీళ్ళకు నువ్వే పోతాండావా? నీ బంట్లు యాడికి పోయిరి?" అని వీధంతా నవ్వించేదానివి. నీ వల్లే ఈ తిప్పలని పక్కింటి లక్ష్మక్క సణిగితే ఆమె బిందె కూడా నువ్వే మోశావు. ఆ ఎండలో... చివరికి దారిలోని రేగుచెట్టు దగ్గర పడిపోయావు. బిందె పగల్లేదమ్మా. సొట్ట పడింది, అంతే. ఇప్పటికీ అందులోని నీళ్ళే తాగుతున్నాను.

నిన్ను పూడ్చిన మూడో నాడు, అగ్గిపెట్టె జేబులో వేసుకుని ఆయన మేత వామి దాకా వెళ్ళాను. నీ మాటే ఆపింది. "కోపం అంబలి మాదిరి రా. కాచినప్పుడే తాగితే రుచుండదు. కుండలో పెట్టు, పులవనీ."

పులవనిచ్చాను.

పుష్యమాసంలో స్పెయిన్ నుంచి ఒక పొడుగాటి కాగితం చుట్ట వచ్చింది. తలుపంత బొమ్మ. వెంట వచ్చిన ఉత్తరాన్ని దుబాసీ తెలుగులో రాసి పంపాడు. ఊళ్ళో దాన్ని చదివింది నేనొక్కడినే. చుట్ట విప్పితే... నువ్వే. చుట్టకుదురు కిరీటంలా ఉంది. ఆ నలుపులోంచి నీ ముఖం, నన్ను తిట్టబోయే ముందు ఉండే ముఖం, వెలుగుతోంది. వెనకాల గుమ్మంలో బొటనవేలంత మనిషి. జరీ కండువా చంకలో. ఆ పాత బొమ్మల్లో సేవకులు నిలబడే చోట!

స్పెయినమ్మ అంతా చూసిందమ్మా. మనం ఏమీ చెప్పకుండానే.

బడి గోడకు కొట్టాను. ఊరు ఊరంతా వచ్చింది. నిన్ను చూసి ఏడ్చారు, గుమ్మం చూసి నవ్వారు. పెద్దింటాయన ఆ దారిన రావడం మానేశాడు. పది రోజులకు మనిషిని పంపాడు, బొమ్మ తీసేస్తే బోరు తెరుస్తాడట. ఆయన్నే రమ్మన్నాను. ఒప్పుకోమని లక్ష్మక్క నా చేతులు పట్టుకుంది. వినలేదు.

వచ్చాడు. మన గుమ్మంలో నిలబడ్డాడు. నేను చాప మీద నుంచి లేవలేదు, ఆయన్ను కూర్చోమనలేదు. చాలనుకున్నావా? చాలలేదు. ఆ నీళ్ళు పోయిన ఎండాకాలం ఇచ్చి ఉంటే నాకు ఈ ఉత్తరం రాసే పనేముంది?

అయినా బోరు మళ్ళీ మూయనని నలుగురి ముందు మాట తీసుకుని బొమ్మ ఆయన చేతికిచ్చాను. బోరు తెరిచాడు. కుర్చీని కాల్చిన చోటే దాన్నీ తన చేత్తో కాల్చాడు. ఇప్పుడు మీసం దువ్వుకుంటూ తిరుగుతున్నాడు.

ఆయన కాల్చింది నకలు. అసలుది వాళ్ళ నగరంలో పెద్ద భవనం గోడ మీద ఉందని, జనం టికెట్టు కొని చూస్తున్నారని ఆ ఉత్తరంలోనే ఉంది. ఆ గుమ్మంలో ఆయన రోజూ నిలబడే ఉన్నాడు. అక్కడికి ఏ మనిషిని పంపుతాడు?

చెప్పేయాలని నాలుక దురద పెడుతోంది. కానీ ఈ రోజు చెబితే రేపు బోరు మూస్తాడు. లక్ష్మక్క మళ్ళీ ఆ రేగుచెట్టు దారి పట్టాలి. అందుకే నోరు మూసుకున్నాను. నువ్వు పోయిన సంగతి స్పెయినమ్మకు కూడా ఇంకా రాయలేదు... ఎలా రాయను?

మన వీధికి సొంత బోరు మంజూరైంది. నీళ్ళు పడిన రోజు మొదటి బిందె, ఆ సొట్ట బిందెతోనే, నీ సమాధి మీద పోస్తాను. అక్కడి నుంచి నేరుగా పెద్దింటికి వెళ్ళి ఆ ఉత్తరం ఆయన ఎదుట పైకి చదువుతాను. ఇది నా మాట. ఆయన్ను క్షమించమని మాత్రం నన్ను అడగొద్దు.

అప్పటిదాకా ఆ కుర్చీలోనే ఉండు. ఎవరొచ్చినా లేవొద్దు.

నీ కొడుకు