మీరొక్కరే మిగిలారు

మంగళవారం రాత్రి, ఏలూరు

షుగరు పరీక్షలకు రానివాళ్ళకు పంపడానికి మా శిబిరం డాక్టరు మేడం గారు నన్నో మెసేజీ రాయమన్నారు. "మీ వీధిలో అందరూ వచ్చారు. మీరొక్కరే మిగిలారు" అని రాశాను. ఎంత చిన్న వాక్యాలో అని నిన్నంతా మురిసిపోయాను.

ఈరోజు కొల్లేటి లంకలోని శిబిరానికి ఒక పెద్దావిడ ఆయాసపడుతూ వచ్చింది.

"నన్ను వెలేశారా అండీ?"

"అయ్యో, లేదండీ! పరీక్షకి పిలిచామంతే."

"మరి నేనొక్కదాన్నే మిగిలానన్నారంట కదండీ! మెసేజీ మనవరాలు చదివి వినిపించింది. పొద్దుటి నుంచి ముద్ద దిగలేదండీ."

ఆ ఊళ్ళో చేపల చెరువు అందరిదీ. పెద్దల కట్టుబాటు దాటినవాళ్ళకి వాటా ఉండదు, పలకరింపూ ఉండదు. మెసేజీ రాసినప్పుడు నాకది తెలియదు.

పరీక్ష చేస్తే షుగరు ప్రమాదకరంగా ఉంది. వెంటనే ఏలూరు ఆసుపత్రికి పంపారు.

"చూశావా, నీ మాటే ఆవిణ్ణి బతికించింది" అన్నారు మేడం గారు. రేపు మిగతా లంకలకూ అదే పంపుతారట.

ఇప్పుడు "మీకోసం చూస్తుంటామండీ" అని మార్చి రాశాను. మర్యాదగానే ఉంది. కానీ ఇది వింటే ఆవిడ వచ్చేదా? వచ్చేది కాదనే అనిపిస్తోంది.

పంపేముందు పొద్దున్నే మేడం గారు ఫోన్ చేస్తారు. ఏది పంపమనాలి...