వరసలో తర్వాతివాడు

బావగారికి నమస్కారాలు.

అక్కా మీరూ కులాసా అనుకుంటాను. మీ మోకాలు ఎలా ఉంది? స్టేషన్ మాస్టరు ఉద్యోగం మానేశాక కూడా పొద్దున్నే లేచి ప్లాట్‌ఫారం మీద తిరుగుతున్నారని అక్క రాసింది. బళ్ళు మీరు లేకపోయినా వస్తాయి, కాస్త విశ్రాంతి తీసుకోండి.

మీకొక్కరికే చెబుతున్న మాట ఇది. మా పెద్దాయన, అంటే ప్రధాన న్యాయమూర్తి, ఈ నెలాఖరుకి పదవి దిగిపోతున్నారు. దేశంలోకెల్లా పెద్ద కోర్టు అయినా ఆ కుర్చీకి ఎన్నికలూ లేవు, పరీక్షలూ లేవు. ఎవరు ముందు వచ్చి చేరితే వాళ్ళదే తర్వాతి వంతు, మీ టికెట్ల కిటికీ ముందు వరసలాగే. ఆయన వెనక నిలబడ్డది నేను. నా వెనక ఉన్నది గడియారం. అసలు పేరు వేరే ఉందిలెండి. వకీలు నోరు తెరిచినప్పుడల్లా చేతి గడియారం చూసుకుంటాడు కనక అందరం అలాగే అంటాం. నియామకం మీద చివరి సంతకం ప్రభుత్వానిది. ఇంతవరకూ ఎవరూ వరస తప్పించలేదు.

ఇక అసలు బాధ. ఒక వ్యవహారం నన్ను లోలోపల తొలిచేస్తోంది. వివరాలు రాయకూడదు, వృత్తి ధర్మం. ఇంతమట్టుకు చెప్పగలను. ఆ నలుగురూ ఒక మాట మీద ఉన్నారు, నేనొక్కణ్ణే ఇంకో మాట మీద ఉన్నాను. వాదనలు అయిపోయాయి. వాళ్ళతో కలిసిపోవడమా, విడిపోవడమా తేల్చి రాసివ్వాలి. విడిపోతే కుర్చీ దక్కదని గడియారం భోజనాల దగ్గర చెవిలో వేశాడు. బెదిరించలేదు, జాలిగానే చెప్పాడు. అందుకే ఎక్కువ భయం వేసింది.

ఎవరి సిఫార్సుకీ లైన్ క్లియర్ ఇవ్వని మనిషి మీరు. ఏం చెయ్యమంటారు?

మీ సలహా కోసం ఎదురుచూసే,
బావమరిది

తా.క.: ఇంట్లో ఏమీ చెప్పలేదు. మీ చెల్లెమ్మ ముందు మామూలుగా ఉండాలని నా ప్రయత్నం. నిన్న మరీ మామూలుగా ఉండబోయి వంట బ్రహ్మాండంగా ఉందన్నాను. అప్పట్నుంచి అనుమానంగా చూస్తోంది.

*

చిరంజీవి బావమరిదికి దీవెనలు.

నీ ఉత్తరం చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. మీ అక్క నా చేతిలోంచి లాక్కుని చదివి, అలాగే నిలబడిపోయింది. పెద్ద ఉద్యోగం సంగతి మా ఇద్దరికీ పట్టలేదు. అది వస్తే వస్తుంది, లేకపోతే లేదు. రెండో సంగతే పిడుగులా పడింది.

వృత్తి ధర్మం అని కప్పిపెట్టావు గాని, మేం మరీ అంత అమాయకులం కాదు. ఉత్తరం ఎవరి కంట పడుతుందోనని నీ భయం. కాబట్టి నేనూ పేర్లు ఎత్తను. ఆ నలుగురూ ఎవరో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాం, సరిపోయింది. దీనికంతటికీ మూలం ఆ ముసలావిడే అని మీ అక్క గట్టి నమ్మకం. పిల్లలిద్దరికీ ఏం తెలుసు, గాలి ఎటు వీస్తే అటు. నాలుగో మనిషిని మాత్రం నేనేమీ అనను. మనసు మంచిది, పక్కవాళ్ళ మాట వినడమే లోపం.

పైగా కుర్చీ కూడా దక్కదని రాశావు. ఇన్నేళ్ళు చాకిరీ చేసినవాడికి కూర్చోడానికి కుర్చీ ఇవ్వరా?

అయినా నా మాట విను. తగ్గు. నలుగురితోపాటు తలూపెయ్. నేను మీ అక్క మీద నెగ్గిన వాదన ఒక్కటి చూపించు. జీవితమంతా పచ్చజెండా నా చేతిలో ఉందనుకున్నారు లోకులు, ఎర్రజెండా ఎవరి చేతిలో ఉందో నాకు తెలుసు. విడిగా ఏదీ రాసివ్వకు.

నీ మేలు కోరే,
బావ

తా.క.: ఒరేయ్ తమ్ముడూ, ఇది అక్క చేతిరాత. ఆయన మాట వినకు. తప్పు నీది కాకపోతే తల వంచకు. తప్పు నీదే అయితే ఎవరికీ చెప్పకు, ముందు నాకు చెప్పు.

*

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి నిర్ఘాంతపోయాను. తలుపులు మూసుకుని మేం మాట్లాడుకున్న విషయం అంత దూరాన మీకు ఎలా తెలిసింది? ముసలావిడ సంగతి అక్షరాలా నిజం. మొదట ఆ మాట ఎత్తింది ఆవిడే. ఇద్దర్నీ పిల్లలని భలే అన్నారు, నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు, ఆవిడ ఎటంటే అటు. నాలుగో మనిషి మంచివాడే, ఒట్టి భయస్తుడు.

కానీ మీరు కూడా తగ్గమంటారనుకోలేదు. మంత్రిగారి చుట్టం ఇంకా రాలేదు, బండి ఆపమంటే, చుట్టం కోసం కాదు సిగ్నల్ కోసం ఆపుతానన్న మనిషి మీరు. ఆ మాట నేను కాలేజీలో ఎంతమందికి చెప్పుకున్నానో. మీ సలహా చదివి ఒక పూట కలం ముట్టుకోలేదు. తర్వాత అక్క రాసింది చదివాను. ఒకే కాగితం మీద రెండు తీర్పులు ఇచ్చిన ఇల్లు మీది ఒక్కటే.

ఒత్తిడి ఎక్కువవుతోంది. మొన్న ఒక పెద్దమనిషి ఇంటికే వచ్చాడు. ఎక్కడినుంచి వచ్చాడో రాయను, కారుకి జెండా ఉంది. ఎందుకీ పంతం అన్నాడు. మీకింకా వయసుంది, మంచి సంబంధాలు ఉంటే ముందుముందు సుఖపడతారు అన్నాడు. ఆలోచించుకుని చెబుతానని పంపేశాను.

ఈ వారంలో తేల్చెయ్యాలి. చాలావరకు విడిపోవడానికే నిశ్చయించుకున్నాను.

మీ
బావమరిది

తా.క.: ఆ పెద్దమనిషి వచ్చినప్పుడు మీ చెల్లెమ్మ ఇంట్లో లేకపోవడం నా అదృష్టం.

*

బావమరిదికి,

దీవెనలు తర్వాత రాస్తాను. సంబంధాలా? నీ వయసేమిటి, నీ బట్టతలేమిటి? జెండా కారులో తిరిగే పెళ్ళిళ్ళ పేరయ్య ఎవడు వాడు? ఆలోచించుకుని చెబుతానంటావా? పైగా భార్య ఇంట్లో లేకపోవడం అదృష్టమని రాస్తావా?

భార్యా, అత్తగారూ, ఇద్దరు పిల్లలూ ఒకవైపు ఉంటే ఉన్నారు. ఏ ఇంట్లో ఉండరు? దానికి విడాకులదాకా పోతారా ఎవరైనా? కోర్టులో ఊరందరి కాపురాలూ చక్కదిద్దిన వాడివి, నీ కాపురానికి నువ్వే కత్తెర వేసుకుంటావా?

మీ అక్క నిన్ననే మీ ఆవిడ పేర ఉత్తరం రాసి పోస్టు చేసేసింది. నేను వెంటపడ్డాను గాని, నా మోకాలు సంగతి నీకు తెలుసు. నేను డబ్బా దగ్గరికి చేరేసరికి ఆవిడ చేతులు దులుపుకుంటోంది. ఏం రాశావని అడిగితే, రాయవలసిందే రాశానంది. మా తమ్ముడికి కుర్చీ లేకుండా చేసిందెవరని నిలదీసిందట. జెండా కారువాణ్ణి గుమ్మం తొక్కనివ్వొద్దని హెచ్చరించిందట. మీ అత్తగారిని కొన్నాళ్ళు మా ఇంటికి పంపమని, ఆవిడ సంగతి తను చూసుకుంటానని కూడా రాసిందట.

ఇది అందేలోపు అదీ అందుతుంది. జాగ్రత్తగా ఉండు.

కంగారులో,
బావ

తా.క.: ఇంతకీ పిల్ల తరఫువాళ్ళు ఎవరు? ఊరికే అడుగుతున్నాను. మీ అక్క చూడకుండా రాశాను, జవాబులో ఈ సంగతి ఎత్తకు.

*

బావగారికీ అక్కకీ నమస్కారాలు.

పిల్లా లేదు, పిల్ల తరఫువాళ్ళూ లేరు. ముందు ఆ ముక్క అక్కకి వినిపించండి.

అక్క ఉత్తరం అందిన సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి హాలు మధ్యలో ఒక్క కుర్చీ వేసి ఉంది. మీ చెల్లెమ్మ పక్కన నిలబడి ఉంది. "మీకు కుర్చీ దక్కలేదట కదా, కూర్చోండి," అంది. అంత నెమ్మదిగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. కూర్చున్నాను. అక్క ఉత్తరం చేతికిచ్చింది. అది చదువుతుంటే మీ ఉత్తరాలన్నీ ఒక్కొక్కటే అర్థమయ్యాయి. నవ్వొచ్చింది గాని, నవ్వితే ప్రాణం దక్కేలా లేదు.

బావగారూ, నలుగురంటే నాతోపాటు ఒక కేసు విన్న నలుగురు న్యాయమూర్తులు. ముసలావిడ వాళ్ళలో ఒకరు, నాలుగో మనిషి గడియారం. విడిపోవడమంటే వాళ్ళ తీర్పుతో ఏకీభవించకుండా నా తీర్పు నేను విడిగా రాయడం. కుర్చీ అంటే ప్రధాన న్యాయమూర్తి కుర్చీ. సంబంధాలంటే ప్రభుత్వంతో సంబంధాలు. ఇవన్నీ మీ చెల్లెమ్మకి విడమరిచి చెప్పాను. అంతా విని, "నాకు చెప్పడానికే ఇంత భయపడ్డారు, ప్రభుత్వానికి ఎదురు రాయగలరా?" అని అడిగింది. మళ్ళీ తనే, "రాయండి. పెద్ద కుర్చీ మీకు వచ్చినా ఈ ఇంట్లో దానికి చోటు లేదు," అంది.

రాశాను. తీర్పు నిన్న చదివేశాం కనక ఇప్పుడు చెప్పొచ్చు. ఒక మనిషిని పోలీసులు పట్టుకెళితే ఎక్కడ ఉంచారో ఇంట్లోవాళ్ళకి చెప్పనక్కర్లేదని ప్రభుత్వం ఒక చట్టం చేసింది. కొడుకు ఎక్కడున్నాడో తెలియని ఒక తల్లి రోజూ వచ్చి వెనక వరసలో కూర్చునేది. చట్టం చెల్లుతుందని నలుగురూ చదివారు. చెల్లదని నేను చదివాను. నలుగురి మాటే నెగ్గుతుంది కనక ఆ తల్లికి నా వల్ల ఒరిగిందేమీ లేదు. అయినా ఆవిడ లేచి వెళ్తూ నా వైపే చూసింది.

ఈ పొద్దున ప్రకటన వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి గడియారం. మొట్టమొదటిసారి వరస తప్పింది. నా తర్వాతివాడు ఇక నా ముందు నడుస్తాడు. ఇలాంటప్పుడు మర్యాద తెలిసినవాడు చేసే పని రాజీనామా. కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను.

మీ
బావమరిది

తా.క.: అక్క పిలిచిందని తెలిసి మా అత్తగారు మహా సంబరపడి పెట్టె సర్దుకున్నారు. ఎందుకు పిలిచిందో ఆవిడకి చెప్పలేకపోయాం. వచ్చే ఆదివారం బండికి వస్తున్నారు. దింపుకోండి.

*

చిరంజీవి బావమరిదికి బావ దీవెనలు.

మీ అత్తగారు దిగారు. మీ అక్క చీరకొంగు బిగించి స్టేషన్‌కి వచ్చింది గాని, పెట్టె అందుకుని కిక్కురుమనకుండా ఇంటికి నడిచింది. ఇద్దరూ వంటింట్లో పెట్టిన ముచ్చట్లు ఇంకా తెమల్లేదు.

నీ ముందు తల ఎత్తుకోలేను. నువ్వు కత్తి అంచు మీద నిలబడి సలహా అడిగితే తలూపెయ్యమన్నాను. సంసారం గురించి అనుకున్నాను, అది నిజమే. కానీ నువ్వు నా మాట ఆ కేసు గురించే అనుకుని ఒక పూట కలం పక్కన పెట్టావని చదివాక అన్నం సహించలేదు. నేను చెప్పినట్టు చేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయంగా ఉంది.

మన వీధిలో ఈ మాటే నడుస్తోంది. మంగలి నా గడ్డం సగం గీసి, మీ బావమరిదికి అన్యాయం చేశారట కదా అని కత్తి పట్టుకునే అడిగాడు. అవునన్నాను, మెడ కదపకుండా.

రాజీనామా ఇచ్చెయ్. నీ తర్వాతివాడి వెనక నడుస్తూ నువ్వు రోజూ చచ్చిపోనక్కర్లేదు. ఇక్కడికి రండి. మేడ మీద గది కడిగించాను.

ఈసారైనా సరిగ్గా చెప్పాననుకుంటూ,
బావ

తా.క.: నేను, అక్కని. రాజీనామా వద్దు. మీ అత్తగారూ నేనూ ఒక మాట మీద ఉన్నాం. ఆయనొక్కరే ఇంకో మాట మీద ఉన్నారు.

*

బావగారికి నమస్కారాలు.

మేడ మీద గది కొన్నాళ్ళు తాళం వేసి ఉంచండి. నేను రావడం లేదు.

మీ ఉత్తరం అందిన రోజునే రాజీనామా ఇచ్చేద్దామని బట్టలు వేసుకుంటున్నాను. అంతలో గడియారం మా ఇంటికి వచ్చాడు. కారు వీధి చివర ఆపుకుని నడిచి వచ్చాడట. మీ చెల్లెమ్మ తలుపు తీసి, పలకరించకుండా లోపలికి వెళ్ళిపోయింది. నేనూ కూర్చోమనలేదు. ఆయన అలాగే నిలబడి, జేబులో కాగితం ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఆ రోజు భోజనాల దగ్గర తను చెప్పింది నా గురించి కాదని, తన భయమే నాకు చెప్పుకున్నాడని అన్నాడు. తీర్పు మీద సంతకం పెట్టిన రోజు నుంచీ ఇంట్లో ఎవరి మొహమూ సరిగ్గా చూడలేకపోతున్నాడట. కోపం తెచ్చుకుందామనుకున్నాను గాని, ఆ మనిషిని చూస్తే రాలేదు.

అభినందనలు చెప్పడానికి నోరు రావడం లేదు, వెళ్ళండి అన్నాను. ఆయన కదల్లేదు.

"కుర్చీ పోతుందనే ఆ సంతకం పెట్టాను," అన్నాడు. "కుర్చీ వచ్చేసింది. ఇక నన్ను దేనితో భయపెడతారు?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఏ కేసు ఎప్పుడు వినాలో, ఎంతమంది వినాలో నిర్ణయించేది ప్రధాన న్యాయమూర్తి. ఆ కేసును పెద్ద బెంచి మళ్ళీ వినాలని ఆ తల్లి తరఫు వకీలు అర్జీ పెట్టాడు. దాన్ని తను ఒప్పుకోబోతున్నానని, ఈసారి ఏడుగురం కూర్చుంటామని చెప్పాడు.

"మీరు ఆ కాగితం ఇచ్చేస్తే ఈసారి నేను ఒక్కణ్ణవుతాను. ఒక్కణ్ణే ఉండటం నాకు చేతకాదు. మీరు చూశారుగా."

అప్పుడు కూర్చోమన్నాను. మీ చెల్లెమ్మ లోపలినుంచి వచ్చి ఇద్దరికీ మంచినీళ్ళు ఇచ్చింది. ఈ మాటలు మీలోనే ఉంచుకోండి. అక్కకి మాత్రం చెప్పండి, చెప్పకపోతే ఎవరికో ఉత్తరం రాస్తుంది.

నిన్న ఆయన మొదటిరోజు. మేం హాల్లోకి వెళ్ళేటప్పుడు ప్రధాన న్యాయమూర్తి ముందు నడవాలి, తర్వాతివాడు వెనక. ఆయన తలుపు దగ్గర ఆగిపోయాడు. నన్ను ముందు వెళ్ళమని చెయ్యి చూపించాడు. నేను కదల్లేదు. లోపల నిండు కోర్టు లేచి నిలబడి ఉంది. బంట్రోతు తలుపు సగం తెరిచి, మూసెయ్యాలో తెరవాలో తెలియక చెమటలు కక్కుతున్నాడు. "నడవండి, వెనక నేనున్నాను," అన్నాను. ఆయన మొదటిసారి చేతి గడియారం చూసుకోకుండా లోపలికి నడిచాడు. కూర్చోగానే ఆ అర్జీ పిలిపించి, మళ్ళీ వింటున్నామని ప్రకటించాడు. ప్రభుత్వ వకీలు మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండానే దింపేశాడు.

ఏడుగురిలో ఎంతమంది ఎటు ఉంటారో తెలియదు. ఓడిపోవచ్చు కూడా. కానీ కడుపునిండా అన్నం తిని చాలా రోజులైంది, నిన్న తిన్నాను.

ఎప్పటికీ మీ
బావమరిది

తా.క.: నా డ్రైవరు మాత్రం ఇంకా నాతో మాట్లాడటం లేదు. ప్రధాన న్యాయమూర్తి డ్రైవరునవుతానని అత్తవారింట్లో ముందే చెప్పుకున్నాడట. నా తీర్పు అతనికి చదివి వినిపించాను. అంతా విని, న్యాయంగానే ఉంది గాని, రాసేముందు నన్ను ఒక్క మాట అడగాల్సింది సార్, అన్నాడు.