నల్ల అట్ట వైపు నుంచి

నెక్కొండ,
సోమవారం

ప్రియమైన నా రుహీ బిడ్డకు దాదీ దువాలు.

నువ్వు పంపిన పార్సెల్ ఖాజా పాషా తెచ్చి ఇచ్చాడు. రోజూ పాలు తీసుకుని వరంగల్ రైలెక్కే మనిషి, పాలక్యాన్ల నడుమ దాచి తెచ్చాడు. "చాచీ, రుహీ పాటలున్నయంట. నీ కొడుకు ఇజాజ్ చూస్తే నా పాలు ఇరుగుతయ్, జర జల్ది లోపల పెట్టు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మీ అబ్బాది ఇంకా అదే పట్టు. నువ్వు ఇంజనీరింగ్ మానేసి గిటారు పట్టుకున్న నాడు "ఆ డబ్బా పట్టుకొని నా గడప తొక్కకు" అన్నాడు కదా, ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను వాడి జేబులోనే ఉంటుంది. అందుకే మూడో తరగతి చదువుతో నేను ఈ ఉత్తరాల తిప్పలు పడుతున్నాను. తప్పులుంటే నవ్వకు.

వాడు టైర్ల దుకాణానికి పోయాక పార్సెల్‌లోని చిప్పు పాటల డబ్బాలో పెట్టాను. నువ్వు కుట్టి పంపిన చిన్న పుస్తకం కూడా చూశాను. ఒక వైపు నల్ల అట్ట, ఇంకో వైపు పచ్చ అట్ట మీద తలుపు బొమ్మ. పచ్చది బాగుందని, బిస్మిల్లా అని, మన అరబ్బీ ఖాయిదా పుస్తకం తెరిచినట్టే కుడి వైపు నుంచి తెరిచాను. ఒక పాటే విన్నాను. ఆ గిటారు అరుపుకి వాకిట్లో మేకలు బెదిరాయి, నేనూ బెదిరి ఆపేశాను. ఇదేం సంగీతం బిడ్డా? వేళకు తింటున్నావా? హసన్‌పర్తిలో నీ గది చెరువు పక్కనే అని ఖాజా పాషా చెప్పాడు. కట్ట మీద తిరగకు.

నీ ఫికర్ మోస్తున్న
దాదీ


హసన్‌పర్తి,
మంగళవారం

ప్రియమైన దాదీకి సలాం.

మేకలకు నా మాఫీ చెప్పు. దీన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. పాట నెమ్మదిగా మొదలై అరుపు దాకా వెళ్తుంది, తాళం మధ్యలో మారిపోతుంది. ఇవి విడివిడి పాటలు కావు దాదీ, అన్నీ కలిపి ఒకే కథ. ఒక అమ్మాయి కథ. మధ్యలో ఆపొద్దు. కళ్లు మూసుకుని, వెనకాల వచ్చే చిన్న చిన్న చప్పుళ్లు కూడా విను. చివరి దాకా వింటేనే అర్థమవుతుంది. గిటారు నాది, గొంతు నాది, డ్రమ్ములు నా స్నేహితురాలు స్రవంతివి.

అబ్బాకు చెప్పకు. నీకు ఎలా అనిపించిందో రాయి. నువ్వు ఏమంటావో అని భయంగా ఉంది.

నీ ఒళ్లో పెరిగిన
రుహీ


నెక్కొండ,
గురువారం

ప్రియమైన నా తల్లీ,

విన్నాను. చివరి దాకా విన్నాను. వినకపోయినా బాగుండేది.

పుస్తకంలో ఏ పేజీ ముందుంటే ఆ పేజీలో రాసిన పాట దొరికే దాకా మీట నొక్కి, డబ్బాకు చెవి ఆనించి విన్నాను. మొదటి పాటలో నా జోలపాట ఉంది. మీ అమ్మ పోయాక నిన్ను ఊపుతూ పాడిందే, గిటారు మీద పూర్తిగా వాయించావు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పాట చివర ఎవరో తలుపు కొట్టారు. ఎవరూ తీయలేదు. ఆ తలుపు మనదే కదా బిడ్డా?

తర్వాత పాటలో ఆ పిల్ల నడిచిపోతోంది. డ్రమ్ము దెబ్బ ఒకటి మింగేసినట్టు పడుతోంది, కాలికి ముల్లు దిగిన మనిషి నడకలాగ. ఆ తర్వాత రైలు చప్పుడు, ఆ తర్వాత బురద. పాట పాటకూ నా జోలపాటలో ఒక ముక్క రాలిపోతూ వచ్చింది. ఆఖరి పాటలో నీళ్లు. ఆ నీళ్లలో జోలపాటది ఒక్క స్వరం మిగిలింది. నీ ఊపిరి వినిపించింది. అది నీదే, జ్వరాల్లో రాత్రుళ్లు విన్న ఊపిరి నాకు తెలియదా? తర్వాత ఏమీ లేదు.

ఆ పిల్ల చెరువులోకి పోయింది. చెప్పు, ఆ పిల్ల ఎవరు? ఈ ఉత్తరం అందగానే జవాబు రాసి ఖాజా పాషా చేతికే ఇవ్వు.

నీ దాదీ


నెక్కొండ,
శనివారం

రుహీ, నా ప్రాణమా,

జవాబు లేదు. ఖాజా పాషాను నీ గదికి పంపాను. వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు. "తాళమేసుంది చాచీ. నీ ఉత్తరం తలుపు కింద నుంచి లోపలికి నూకిన. ఫోన్ కొడ్తె స్విచ్ ఆఫ్ అంటాంది. పక్కింటామె, నిన్న పొద్దుగాల చెరువు దిక్కు పోతాంటె చూసిన అన్నది."

"చెరువు దిక్కా?" అన్నాను.

"బస్సు కూడా అటే ఆగుతది చాచీ. గట్లనే ఎక్కడికో పోయుంటది, ఫికర్ చెయ్యకు" అన్నాడు. కానీ వాడి మొహం చూస్తే వాడికీ నమ్మకం లేదు.

అన్నం దిగడం లేదు. నమాజులో కూడా ఆ నీళ్ల చప్పుడే. మీ అబ్బా "ఏమైంది అమ్మీ, గట్ల గోడ దిక్కు చూస్తానవ్?" అని అడిగాడు. పంటి నొప్పి అన్నాను. చెబితే వాడు నిన్ను తిడతాడని భయం, చెప్పకపోతే నువ్వు దక్కవని భయం. రేపు ఖాజా పాషా ఉత్తి చేతులతో వస్తే అన్నీ చెప్పేస్తాను. వాడు కదలకపోతే నేనే రైలెక్కుతాను.

తలుపు తీయలేదని అలగకు తల్లీ. చప్పుడు వింటే నేను తీసేదాన్ని.

దాదీ


హసన్‌పర్తి,
ఆదివారం

ప్రియమైన దాదీ,

నేను బాగున్నాను. ముందు ఈ ముక్క రెండుసార్లు చదువుకుని కూర్చో.

శుక్రవారం హైదరాబాద్‌లో మా కచేరీ ఉండింది. స్రవంతితో వెళ్లాను, ఫోను పాడైంది. ఇప్పుడు తాళం తీస్తే నీ ఉత్తరం కాళ్ల కింద ఉంది, ఇంకోటి ఖాజా చాచా తెచ్చాడు. చదువుతూ అక్కడే కూలబడ్డాను. ఖాజా చాచా గుమ్మంలో నిలబడి "రాయి బిడ్డా, రైలు పోతది. ముసలామె సచ్చేటట్టున్నది" అని తొందరపెడుతున్నాడు.

దాదీ, కథను నువ్వు వెనక నుంచి విన్నావు. నల్ల అట్ట మొదలు, పచ్చ అట్ట చివర. అందంగా ఉండదని పేజీలకు అంకెలు వేయలేదు, తప్పు నాదే. ఆ అమ్మాయి నీళ్లలోకి పోదు. నీళ్ల దగ్గర మొదలవుతుంది. బురద దాటి, రైలు పట్టాల వెంట కుంటుతూ నడిచి, ఇంటికి వస్తుంది. జోలపాట రాలిపోవడం లేదు, ముక్క ముక్కగా గుర్తుకొస్తోంది.

నీకు అబద్ధం చెప్పలేను. పోయిన వానాకాలం, అబ్బా ఆ మాట అన్నాక, ఒక సాయంత్రం ఆ కట్ట మీద నిజంగానే కూర్చున్నాను. మంచి ఆలోచనతో కాదు. అప్పుడు నీ జోలపాట మొదటి స్వరం నోట్లోకి వచ్చింది, మిగతాది ఎంతకీ రాలేదు. అది గుర్తు తెచ్చుకుందామని లేచి గదికి వచ్చాను. గిటారు మీద వెతుక్కున్నాను. అలా పుట్టిందే ఇదంతా. ఇక్కడ విన్నవాళ్లు గిటారు బాగుందన్నారు, తాళం బాగుందన్నారు. ఆ పిల్ల ఎవరని అడిగింది నువ్వొక్కదానివే.

ఇప్పుడు అలాంటి ఆలోచన లేదు. ఆ సంగతి స్రవంతికి చెప్పాను, ఒక డాక్టరమ్మ దగ్గరికి కూడా వెళ్తున్నాను. తలుపు కొట్టాక ఏమవుతుందో మాత్రం నాకు తెలియదు. అందుకే అక్కడ ఖాళీ వదిలేశాను.

నీ
రుహీ


నెక్కొండ,
బుధవారం

ప్రియమైన నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం కళ్లకు అద్దుకున్నాను. ఆ వానాకాలం ముక్క దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. ఇంకెప్పుడైనా ఆ ఆలోచన వస్తే నా జోలపాట కోసం గిటారులో వెతకకు, నా దగ్గరికి రా, నేనే పాడతాను.

ఈరోజు మధ్యాహ్నం నల్ల అట్ట వైపు నుంచి పెట్టాను. నీళ్లలో నీ ఊపిరి వినగానే మళ్లీ మీట మీదికి చెయ్యి పోయింది, కానీ ఈసారి ముందుకు దారి ఉందని తెలుసు. బురద దాటావు, రైలు దాటావు. ఆ కుంటి నడక వెంట నేనూ నడిచాను. నా జోలపాట ఒక్కో ముక్క అతుక్కుంటూ వచ్చింది. లోకం మరిచిపోయాను. మీ అబ్బా అన్నానికి వెనక దారిన వచ్చి, తనే వడ్డించుకుని వెనక వరండాలో కూర్చున్న సంగతి కూడా చూసుకోలేదు.

జోలపాట పూర్తయింది. తలుపు చప్పుడైంది.

"ఎవరో తలుపు కొడ్తాండ్రు, ఇనబడ్తలేదా అమ్మీ?" అన్నాడు మీ అబ్బా.

డబ్బాలో చప్పుడని చెబుదామనుకున్నాను. అంతలోనే వాడు అన్నం మెతుకులున్న చేత్తోనే లేచి పోయి, ఎడమ చేత్తో గొళ్లెం తీశాడు. వీధి అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరూ లేరు. అయినా అక్కడే నిలబడ్డాడు. వెనక్కి తిరిగితే డబ్బా, నా ఒళ్లో నీ పుస్తకం. పచ్చ అట్ట మీద తలుపు బొమ్మ కింద నీ పేరుంది. వాడు చదివాడు.

వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

"గొళ్లెం పెట్టు బేటా, మేకలొస్తయ్" అన్నాను.

"రానీ" అన్నాడు.

సాయంత్రం అయింది, ఇంకా గొళ్లెం పెట్టలేదు. పెట్టబోతే నా వైపు చూస్తున్నాడు. ఆ ఖాళీలో ఏముందో నాకు ఇంతే తెలిసింది బిడ్డా, నువ్వు వచ్చి మిగతాది చూసుకో. గిటారు కూడా తీసుకురా. దారిలో జాగ్రత్త, రైలు పూర్తిగా ఆగాకే దిగు, నెక్కొండలో మెట్లు జారుతాయి.

తెరిచిన తలుపు దగ్గర మేకల్ని అదిలిస్తూ
నీ దాదీ