ఉప్పు పోయిన నీళ్లు

ఆదోని, 1984 ఏప్రిల్, మంగళవారం రాత్రి

హాలహర్వి దగ్గరి ఊళ్లో నీళ్లు శుద్ధిచేసే యంత్రం ఈ రోజు మొదలైంది; పేపరుకు వార్త రాయడానికి వెళ్లాను. కరెంటు పెడితే బోరు నీటిలోని ఉప్పు పలుచని పొరల గుండా పక్కకు పోతుంది. కూలికి పోయే మరియమ్మ ఒక గ్లాసు తాగి, "సక్కెర మాదిరి ఉండాయన్నా! ఇంగ కోడలి కోసం వంకలో సెలమ కాడికి పోయే పని ల్యా" అంది. కోడలికి ఏడో నెల.

ఫ్లోరైడు కూడా పోయిందా అని యంత్రం బిగించిన ఇంజనీరును పక్కకు పిలిచి అడిగాను.

"ఆ పొరల్లోంచి ఉప్పు ముందు దాటుతుంది సార్. ఫ్లోరైడు నిదానం. ఎంత మిగిలిందో పరీక్ష చేయించాలి."

ఆ ఊళ్లో నడివయసుకే మోకాళ్లు వంగినవాళ్లున్నారు. అది ఫ్లోరైడు పనే. పరీక్ష అయ్యేదాకా కోడలికి వంక ఇసుకలో తవ్విన చెలమ నీళ్లే ఇవ్వమని, వాటిలో ఫ్లోరైడు తక్కువని మరియమ్మకు చెప్పాను.

"నా నాలిక్కి తెలీదా? మీ పేపరోళ్లకు అన్నీ అనుమానాలేనప్పా!" అని నవ్వి బిందె నింపుకుంది. పక్కనే ఉన్న ఇంజనీరు యంత్రం వైపు తిరిగిపోయాడు.

మా పేపరు ఆఫీసు వాళ్లు 'తియ్యటి నీళ్లొచ్చాయి' అని రాయమన్నారు. ఉప్పు తగ్గింది, ఫ్లోరైడు సంగతి తేలలేదు అని పంపాను. మరియమ్మ ఇంట్లో పేపరు చదివేవాళ్లు లేరు. ఇంజనీరు చెబితే వింటుందేమో. రేపు అతణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాలి. వస్తాడో, రాడో...